ఇంట్లోనే మూడు చక్రాల కారు: మొదటి గీత నుంచి నంబర్ ప్లేటు దాకా

సొంతంగా తయారు చేసిన మూడు చక్రాల కారు రెండు చోట్ల నెగ్గాలి. ఒకటి వేగంగా తిరిగే మలుపులో, రెండోది తనిఖీ అధికారి ముందు. ఈ రెండు చోట్లా ఫలితం చాలావరకు ఇనుప గొట్టం కోయకముందే ఖాయమైపోతుంది. బరువు ఎక్కడ పడుతుందన్నదే మలుపులో బండి నిలుస్తుందో బోల్తా పడుతుందో చెబుతుంది. ఏ తరగతి వాహనంగా నమోదు చేయాలనుకున్నారన్నదే తనిఖీలో ఏమేం అడుగుతారో చెబుతుంది. అందుకే ఈ పని వెల్డింగ్ మెషీన్‌తో కాదు, పెన్సిలుతో మొదలవ్వాలి.

మూడు చక్రాల ఆలోచన పిచ్చిదేమీ కాదు. కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న పేటెంట్‌కు దరఖాస్తు చేసిన మోటార్ బండికి ఉన్నవి మూడు చక్రాలే. దానిలో 954 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజన్ ఉండేది, శక్తి ఒక హార్స్‌పవర్ కన్నా తక్కువ. ఆ తర్వాత మోర్గాన్, మెసర్‌ష్మిట్, రిలయంట్, పీల్ లాంటి కంపెనీలు ఇదే దారిలో రకరకాల బళ్లు చేశాయి. బరువు తక్కువ, భాగాలు తక్కువ, ఒక ఇరుసు మొత్తం అక్కర్లేకుండా పోతుంది. చిన్న షెడ్డులో ఒక మనిషి పూర్తి చేయగలిగిన కారు ఏదైనా ఉందంటే అది ఇదే.

1. ముందు తరగతి తేల్చుకోండి

చాలా దేశాల్లో మూడు చక్రాల బండి కారు కాదు. అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం సీటు ఉండి, నేలను మూడు చక్రాలకు మించకుండా తాకేలా తయారైన మోటారు వాహనం మోటార్ సైకిల్ కిందికే వస్తుంది. దాని మీద చాలా రాష్ట్రాలు ‘ఆటోసైకిల్’ అని ఇంకో తరగతి పెట్టుకున్నాయి. గుండ్రటి స్టీరింగ్, సీటు, బెల్టు ఉన్న మూడు చక్రాల బళ్లు అందులోకి వస్తాయి. యూరప్‌లో 168/2013 నిబంధన ఇలాంటి బండిని ఎల్5ఇ తరగతిలో పెడుతుంది. నడపడానికి సిద్ధంగా ఉన్నప్పుడు దాని బరువు 1,000 కిలోలు దాటకూడదు. గంటకు 45 కిలోమీటర్ల లోపు వేగం, 270 కిలోల లోపు బరువు ఉంటే ఎల్2ఇ అనే తేలికపాటి తరగతి వేరే ఉంది.

ఒక్కో బండిని విడిగా పరీక్షించి అనుమతించే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది. బ్రిటన్‌లో దాని పేరు ఎం.ఎస్.వి.ఏ., అంటే రెండు మూడు చక్రాల బళ్లకు విడివిడిగా చేసే ఆమోద పరీక్ష. జర్మనీలో రోడ్డు వాహనాల నిబంధనల్లోని 21వ సెక్షన్ కింద ఒక్క బండికి అనుమతి తీసుకోవచ్చు. భారతదేశంలో పరిస్థితి కఠినం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వ నిబంధన ప్రకారం తయారీదారు తన నమూనాను పుణెలోని ఏఆర్ఏఐ, మనేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల్లో పరీక్షకు ఇవ్వాలి. ఇది కంపెనీల కోసం రాసిన దారి, ఒంటరిగా ఒక బండి చేసుకునేవాళ్ల కోసం కాదు. పాత బండిని మార్చి పని కానిద్దామంటే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని అది చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఇలాంటి చోట ఉంటే బండిని ప్రైవేటు స్థలంలో, మూసి ఉన్న ట్రాక్ మీద నడపడానికే చేసుకోవాలి. లేదంటే పరీక్షా సంస్థతో మొదటి రోజే మాట్లాడుకుని దిగాలి. “చేశాక చూద్దాం” అన్న మాట ఈ పనిలో చాలా ఖరీదైనది.

మీరున్న చోట నమోదు అధికారి దగ్గర నాలుగు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: బండి ఏ తరగతి కిందికి వస్తుంది, బరువు పరిమితి ఎంత, ఏ ఏ పరీక్షలు ఉంటాయి, ఏ లైసెన్సుతో నడపాలి. ఉద్గారాల నిబంధన ఇంజన్ తయారైన తేదీని బట్టి వర్తిస్తుందా, బండి నమోదైన తేదీని బట్టి వర్తిస్తుందా అన్నది కూడా అప్పుడే అడగండి. ఇంజన్ ఎంపిక మొత్తం ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీతో కూడా ఇప్పుడే మాట్లాడాలి. ఇంట్లో చేసిన బండికి పాలసీ ఇచ్చేవాళ్లు తక్కువ, ఇచ్చేవాళ్లకు సొంత షరతులు ఉంటాయి.

చట్టం బండి ఆకారాన్నే మార్చేస్తుందనడానికి చరిత్రలో మంచి ఉదాహరణలున్నాయి. బ్రిటన్‌లో ఒక బరువు లోపు మూడు చక్రాల బళ్లకు మోటార్ సైకిల్ పన్నే పడేది. మోర్గాన్ తేలిగ్గా ఉండటానికి అదొక కారణం. వెనక దగ్గర దగ్గరగా రెండు చక్రాలుండే ఇసెట్టా అనే చిన్న కారును ఇంగ్లండ్‌లోని బ్రైటన్ ఊళ్లో వెనక ఒకే చక్రంతో తయారు చేయడానికి కూడా అదే కారణం.

2. ఒక చక్రం ముందా, వెనకా?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మొదటిసారి చేస్తున్నవాళ్లు ముందు రెండు, వెనక ఒకటి పెట్టుకోవాలి.

కారణం ఇది. మూడు చక్రాలు నేలను తాకే చోట్లను గీతలతో కలిపితే త్రిభుజం వస్తుంది. బరువు ఆ త్రిభుజం లోపల పడినంతసేపూ బండి నిలబడుతుంది. మలుపులో బరువు పక్కకు తోస్తుంది, బ్రేకు వేస్తే ముందుకు తోస్తుంది. మలుపులోకి వెళ్తూ బ్రేకు వేయడం రోడ్డు మీద అందరూ చేసే పని, అప్పుడు ఆ తోపు బయటివైపు ముందు మూలకు పోతుంది. ముందు రెండు చక్రాలుంటే ఆ మూలలో ఒక చక్రం ఆసరాగా ఉంటుంది. ముందు ఒకటే ఉంటే ఆ మూల ఖాళీ. ముందు ఒకటే చక్రమున్న బ్రిటిష్ కారు రిలయంట్ రాబిన్ బోల్తా పడే బండిగా పేరు తెచ్చుకోవడం వెనక ఉన్న లెక్క ఇదే.

అలాగని ముందు ఒక చక్రం ఎప్పుడూ తప్పని కాదు. 1948లో వచ్చిన పియాజియో ఆపే లాంటి సరుకు బళ్లకు అది సరిపోతుంది, ఎందుకంటే వేగం తక్కువ, బరువంతా వెనక రెండు చక్రాల మీద. స్టీరింగ్ కూడా సులువు. కానీ కారు వేగంతో తిరగాలంటే అది సరైన మొదలు కాదు.

వెనక చక్రంతో స్టీరింగ్ పెట్టే ఆలోచన పూర్తిగా వదిలేయండి. అమెరికా డిజైనర్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ 1933లో చేసిన డైమాక్సియన్ కారు ముందు రెండు చక్రాలతో, వెనక ఒక తిరిగే చక్రంతో ఉండేది. వేగం పెరిగితే దాన్ని అదుపులో ఉంచడం కష్టమయ్యేది. నాణ్యమైన ఇంజనీరింగ్ బుర్ర కూడా ఆ అమరికను లొంగదీయలేకపోయింది.

3. కాగితం మీద బరువు లెక్క

ఈ మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇవ్వాల్సిన దశ ఇదే. ఇంజన్, బ్యాటరీ, పెట్రోల్ ట్యాంకు, సీట్లు, మనుషులు, చక్రాలు, ఫ్రేమ్, అన్నిటినీ ఒక పట్టికలో రాయండి. ఒక్కోదానికి బరువు, ముందు ఇరుసు నుంచి దూరం, నేల నుంచి ఎత్తు ఉండాలి. బరువును దూరంతో గుణించి, అన్నీ కూడి, మొత్తం బరువుతో భాగిస్తే గురుత్వ కేంద్రం, అంటే బరువంతా ఒకే చోట ఉన్నట్టు లెక్కించే బిందువు, ముందు ఇరుసుకు ఎంత వెనకుందో వస్తుంది. ఎత్తుకూ అదే పద్ధతి.

ఒక ఉదాహరణతో చూద్దాం. ముందు చక్రాల మధ్య వెడల్పు 1.4 మీటర్లు, వీల్‌బేస్ (ముందు ఇరుసు నుంచి వెనక చక్రం మధ్య దాకా దూరం) 2.2 మీటర్లు, మనిషితో కలిపి బరువు 420 కిలోలు. గురుత్వ కేంద్రం ముందు ఇరుసు నుంచి వీల్‌బేస్‌లో మూడో వంతు వెనక ఉందనుకోండి. అంటే బరువులో మూడింట రెండు వంతులు ముందు చక్రాల మీద, ఒక వంతు వెనక చక్రం మీద. త్రిభుజం వెనక్కి పోయే కొద్దీ సన్నబడుతుంది కాబట్టి గురుత్వ కేంద్రం ఉన్న చోట సగం వెడల్పు 0.7 మీటర్లు కాదు, దానిలో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 0.467 మీటర్లు. దీన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగించండి. ఎత్తు 0.45 మీటర్లయితే 1.04 వస్తుంది. అంటే భూమ్యాకర్షణకు 1.04 రెట్ల పక్క తోపు వస్తేనే చక్రం లేస్తుంది. మామూలు టైరు పొడి రోడ్డు మీద ఇచ్చే పట్టు 0.8, 0.9 దగ్గర ఉంటుంది. కాబట్టి ఈ బండి బోల్తా పడేముందు జారుతుంది. మనకు కావలసింది అదే. జారే బండిని డ్రైవర్ సరిదిద్దుకోగలడు.

ఎత్తు 0.60 మీటర్లకు పెరిగితే అదే సంఖ్య 0.78కి పడిపోతుంది. ఇప్పుడు టైరు జారకముందే బండి లేస్తుంది. పదిహేను సెంటీమీటర్ల తేడా ప్రాణం మీదికి తెస్తుంది.

చాలామంది వదిలేసే విషయం ఒకటుంది. సీట్లు పక్కపక్కన పెడితే ఒంటరిగా నడిపేటప్పుడు గురుత్వ కేంద్రం డ్రైవర్ వైపు జరుగుతుంది. 80 కిలోల మనిషి మధ్య గీతకు 0.3 మీటర్ల పక్కన కూర్చుంటే, 420 కిలోల బండిలో అది 5.7 సెంటీమీటర్ల జరుగుడు. పై ఉదాహరణలో 1.04 కాస్తా 0.91 అవుతుంది, డ్రైవర్ మలుపుకు బయటివైపు ఉన్నప్పుడు. ఇంకా నిలబడుతుంది కానీ మిగులు దాదాపు పోయింది. సీట్లు ముందూ వెనకా పెడితే ఈ సమస్య ఉండదు, కానీ రెండో మనిషి ఎక్కగానే బరువు వెనక్కి, అంటే త్రిభుజం సన్నబడే వైపు పోతుంది. కాబట్టి ఒంటరి డ్రైవర్, ఇద్దరు మనుషులు, నిండు ట్యాంకు, ఖాళీ ట్యాంకు, అన్ని రకాలుగానూ లెక్క వేసి, వాటిలో అధ్వాన్నమైనదాన్నే మీ సంఖ్యగా పెట్టుకోండి. అది 0.9 కన్నా తగ్గితే గీత మళ్లీ గీయాల్సిందే: వెడల్పు పెంచండి, సీట్లు దించండి, ఇంజన్ ముందుకు జరపండి.

4. ఇంజన్ ఎక్కడ, ఏది

రెండు మంచి దారులున్నాయి. మొదటిది మోటార్ సైకిల్ ఇంజన్‌ను మనుషుల వెనక, వెనక చక్రం ముందు పెట్టి చైన్‌తో నడపడం. గేర్‌బాక్స్ ఇంజన్‌లోనే ఉంటుంది, బరువు తక్కువ, పని సులువు. లోటు ఏమిటంటే బరువు వెనక్కి పోతుంది, రివర్స్ గేర్ ఉండదు. మోటార్ సైకిల్‌కు సరిపడిన గేరింగ్ ఇంత బరువున్న బండికి ఎక్కువవుతుంది కాబట్టి వెనక స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం) పెద్దది వేయాలి, లేకపోతే ప్రతిసారీ కదిలేటప్పుడు క్లచ్ కాలిపోతుంది. రివర్స్ కోసం చైన్ మధ్యలో చిన్న రివర్స్ బాక్స్ గానీ, వెనక చక్రాన్ని తిప్పే ఎలక్ట్రిక్ మోటార్ గానీ పెట్టుకోవచ్చు. 49 సీసీ పీల్ పీ50కి రివర్స్ లేదు, వెనక హ్యాండిల్ పట్టుకుని ఎత్తి తిప్పుకునేవాళ్లు. 59 కిలోల బండికి అది చెల్లింది, మనదానికి చెల్లదు.

రెండో దారి చిన్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు ముందు భాగం మొత్తాన్ని వాడుకోవడం: ఇంజన్, గేర్‌బాక్స్, డ్రైవ్ షాఫ్టులు, హబ్‌లు (చక్రం బిగించే మధ్య భాగాలు), బ్రేకులు. బరువు కావలసిన చోటే, ముందు, పడుతుంది. రివర్స్ గేర్ దానంతట అదే వస్తుంది. వెనక చక్రం ఊరికే దొర్లుతుంది కాబట్టి వెనక నిర్మాణం చాలా తేలిక. బ్రిటన్‌లో లోమాక్స్ లాంటి కిట్ కార్లు సిట్రోయెన్ 2సీవీ భాగాల మీద ఈ పద్ధతిలోనే నిలబడ్డాయి. బరువు పరిమితి అనుమతిస్తే నేను ఈ దారినే మొగ్గుతాను. వెనక ఒక్క చక్రం మీద మూడో వంతు బరువే ఉన్నప్పుడు తడి రోడ్డు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు అది పట్టు దొరక్క ఉన్నచోటే తిరిగిపోతుంది. ఆ బెంగ ఇందులో లేదు.

ఎలక్ట్రిక్ చేయాలనుకునేవాళ్లకు ఒక సలహా. ఎలక్ట్రిక్ బళ్ల భద్రతకు ఉన్న అంతర్జాతీయ ఆర్100 నిబంధనలో 60 వోల్టుల డీసీ దాటితే అధిక వోల్టేజీ కింద లెక్క. 16 ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ వరుసగా పెట్టిన ప్యాక్ నిండా ఛార్జయినా 58.4 వోల్టులే. ఆ గీత లోపలే ఉంటే ఇన్సులేషన్, హెచ్చరిక గుర్తుల నిబంధనలు చాలా తేలికవుతాయి. బ్యాటరీ నేలకు దగ్గరగా, సీట్ల కింద పెట్టొచ్చు కాబట్టి గురుత్వ కేంద్రం కూడా బాగా దిగుతుంది. ప్యాక్‌కు వీలైనంత దగ్గరలో ఫ్యూజ్, డ్రైవర్ చేతికందే చోట మెయిన్ కటాఫ్ తప్పనిసరి.

ఏ దారైనా సరే, పాత బండి కొంటే దాని పత్రాలతో సహా కొనండి. ఇంజన్ నంబర్ పత్రంలో ఉన్నదానితో కలవాలి. దొంగ సరుకు కాదని నిరూపించాల్సిన బాధ్యత చివర్లో మీ మీదే పడుతుంది.

5. ఫ్రేమ్

25 మి.మీ. చతురస్రపు స్టీలు గొట్టం, 1.6 నుంచి 2 మి.మీ. మందం, ఈ తరహా తేలికైన కార్లకు దశాబ్దాలుగా నడుస్తున్న కొలత. బలం గొట్టం మందం నుంచి కన్నా త్రిభుజాల నుంచి వస్తుంది. ప్రతి చతురస్రానికీ మూల నుంచి ఎదుటి మూలకు ఒక గొట్టం పడాలి. మనుషులు కూర్చునే చోట అది కుదరదు కాబట్టి అక్కడ పక్కలు లోతుగా, ఎత్తుగా చేసి, నేలకు రేకును వెల్డింగ్ చేసి ఆ లోటు పూడ్చాలి.

చదునైన బల్ల మీద జిగ్, అంటే గొట్టాలను కదలకుండా పట్టి ఉంచే చట్రం, కట్టండి. అన్ని గొట్టాలూ టాక్ వెల్డింగ్ (చుక్కల్లా చిన్న అతుకులు) మాత్రమే చేసి, మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. తేడా 2 మి.మీ. లోపు ఉంటేనే ముందుకెళ్లండి. పూర్తి వెల్డింగ్ ఒక చోటే వరుసగా చేస్తే వేడికి ఫ్రేమ్ ఒంకర పోతుంది. కాస్త ఇక్కడ, కాస్త ఎదుటి మూలలో, మార్చి మార్చి చేయాలి. సస్పెన్షన్ చేతులు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేయి), సీటు బెల్టు బిగించే చోట్ల 3 మి.మీ. ప్లేటు వేసి బరువును రెండు మూడు గొట్టాలకు పంచండి. వెల్డింగ్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ఫ్రేమ్ గొట్టాలను తామే కోసి టాక్ చేసి, తుది అతుకులను సర్టిఫికెట్ ఉన్న వెల్డర్‌తో వేయించడం మంచిది. చాలా చోట్ల తనిఖీలో అది కూడా అడుగుతారు.

రంగు వేయకముందే ప్రతి అతుకునూ ఫొటో తీయండి. తర్వాత బాడీ కిందికి పోయిన అతుకును అధికారికి చూపించడానికి ఇదొక్కటే మార్గం.

6. ముందు సస్పెన్షన్, స్టీరింగ్

వెనక ఒకే చక్రం ఉంది కాబట్టి అది బండి పక్కకు వాలడాన్ని ఏమాత్రం ఆపదు. ఆ పని మొత్తం ముందు స్ప్రింగులే చేయాలి. అందుకే ముందు యాంటీ రోల్ బార్‌కు, అంటే రెండు పక్కలనూ కలిపి వాలుడు తగ్గించే కడ్డీకి, ముందే చోటు ఉంచుకోండి. దీని ఫలితంగా బండి మలుపులో కొంచెం బయటికి పోయే స్వభావంతో ఉంటుంది, అది భద్రమైన స్వభావమే.

చక్రాన్ని పైనొకటి, కిందొకటి రెండు చేతులు పట్టుకునే డబుల్ విష్‌బోన్ చేసుకుంటే జ్యామితి మన చేతుల్లో ఉంటుంది. కాస్టర్ (చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) 3 నుంచి 5 డిగ్రీలు ఉంటే స్టీరింగ్ తనంతట తాను తిన్నగా వస్తుంది. స్టీరింగ్ ర్యాక్ (పక్కలకు జరిగే పళ్ల కడ్డీ) ఎత్తు, దాన్ని చక్రానికి కలిపే టై రాడ్ పొడవు విష్‌బోన్ లెక్కతో కలవకపోతే గుంతలో పడినప్పుడల్లా చక్రం దానంతట అదే తిరుగుతుంది. స్ప్రింగు తీసేసి, చక్రాన్ని పైకీ కిందికీ కదిలిస్తూ టో (చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఎంత మారుతుందో కొలవండి. ర్యాక్‌ను శాశ్వతంగా బిగించే ముందు చేయాల్సిన పని ఇది.

మలుపులో లోపలి చక్రం బయటిదానికన్నా ఎక్కువ తిరగాలి. పై నుంచి చూసినప్పుడు స్టీరింగ్ ఆర్మ్‌ల (టై రాడ్ తగిలే చేతుల) గీతలు వెనక చక్రం మధ్యలో కలిసేలా పెడితే చాలావరకు సరిపోతుంది. కింగ్‌పిన్‌ల (ముందు చక్రాలు తిరిగే అక్షాల) మధ్య 1.3 మీటర్లు, వీల్‌బేస్ 2.2 మీటర్లు ఉన్న బండిలో లోపలి చక్రం 30 డిగ్రీలు తిరిగితే బయటిది సుమారు 23 డిగ్రీలు తిరగాలి.

స్టీరింగ్ భాగాలను ఎప్పుడూ వంచకండి, వేడి చేయకండి, అతికించకండి. పొడవు కుదరకపోతే సరైన పొడవున్నదే వెతకాలి. ఈ ఒక్క విషయంలో తనిఖీ అధికారులు ఎక్కడైనా ఒకేలా ఉంటారు, వాళ్లు చేసేది సబబే.

7. వెనక చక్రం

మోటార్ సైకిల్ మలుపులో వాలుతుంది కాబట్టి దాని చక్రానికి పక్క తోపు తక్కువ. మన బండి వాలదు. అదే చక్రాన్ని తెచ్చి పెడితే హబ్, బేరింగులు, స్వింగ్ ఆర్మ్ పక్క నుంచి ఎప్పుడూ చూడని భారాన్ని మోయాల్సి వస్తుంది. గుండ్రటి అంచున్న టైరు మధ్యలోనే అరిగిపోతుంది. స్పోకుల చక్రం అసలు వద్దు. కారు టైరును మోటార్ సైకిల్ రిమ్ మీద ఎక్కించడం కూడా వద్దు, రెండింటి బీడ్ (రిమ్‌లో కూర్చునే టైరు అంచు) కొలతలు వేరు. కారు రిమ్‌నే, దానికి తగిన హబ్‌తో, వెడల్పైన స్వింగ్ ఆర్మ్‌లో పెట్టడం సరైన పద్ధతి. చైన్ నడిపే బండి అయితే చైన్‌కూ మనుషులకూ మధ్య మందపాటి రేకు ఉండాలి.

8. బ్రేకులు

రెండు వేర్వేరు హైడ్రాలిక్ సర్క్యూట్లు పెట్టండి, ముందుకొకటి, వెనకకొకటి. ఒకటి పోయినా రెండోది ఆపాలి. గట్టిగా, 0.8 రెట్ల తోపుతో బ్రేకు వేస్తే మన ఉదాహరణ బండిలో మొత్తం బరువులో 16 శాతం వెనక నుంచి ముందుకు పోతుంది. నిలబడి ఉన్నప్పుడు వెనక చక్రం మీద 33 శాతం ఉన్నది 17 శాతానికి పడుతుంది. అంటే వెనక బ్రేకు చాలా మృదువుగా ఉండాలి. వెనక చక్రం ముందుగా లాక్ అయితే, అంటే తిరగడం ఆగి జారితే, బండి గిర్రున తిరుగుతుంది. పెడల్ ఒత్తిడిని బ్రేకు ఆయిల్‌కు పంపే రెండు మాస్టర్ సిలిండర్ల మధ్య, ఆ ఒత్తిడిని పంచే బ్యాలెన్స్ బార్ పెట్టి, ముందు చక్రాలే ఎప్పుడూ ముందు లాక్ అయ్యేలా సరిచేసుకోండి, ఆ తర్వాత దాన్ని కదలకుండా బిగించేయండి.

హ్యాండ్ బ్రేకు హైడ్రాలిక్ మీద ఆధారపడకూడదు, కేబుల్‌తో పనిచేయాలి. మోటార్ సైకిల్ కాలిపర్లకు (డిస్కును నొక్కి పట్టే భాగాలకు) సాధారణంగా ఈ సౌకర్యం ఉండదు. వెనక డిస్కుకు వేరే మెకానికల్ కాలిపర్ పెట్టాలి. బ్రేకు గొట్టాలకు రాగి నికెల్ పైపు తేలిగ్గా వంగుతుంది, తుప్పు పట్టదు.

9. లైట్లు, బాడీ, బెల్టులు

లైట్లు, అద్దాలు, రిఫ్లెక్టర్లు, విండ్‌స్క్రీన్ అద్దం ఆమోద ముద్ర ఉన్నవే కొనండి. వృత్తంలో ‘ఇ’ అక్షరం, పక్కన దేశం సంఖ్య ఉంటుంది: 1 జర్మనీ, 4 నెదర్లాండ్స్, 11 బ్రిటన్. ముద్ర లేని అందమైన లైటు తనిఖీలో ఒక్క చూపుకు పోతుంది. హెడ్‌లైటు, ఇండికేటర్ల ఎత్తు, మధ్య దూరం మీ తరగతి నిబంధనలో ఉంటాయి. బాడీ గీసేటప్పుడే ఆ కొలతలను చుక్కలుగా పెట్టుకుని వాటి చుట్టూ ఆకారం గీయాలి. స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదు. చక్రం సైజు మార్చారు కాబట్టి పాత బండి మీటర్ అలాగే పనికిరాదు, జీపీఎస్‌తో సరిచూసి క్యాలిబ్రేట్ చేయండి.

విండ్‌స్క్రీన్ పెడితే వైపర్, వాషర్ కూడా వస్తాయి. బయటి అంచులు పాదచారికి గుచ్చుకోకూడదు. కార్ల నిబంధనల్లో అంచు గుండ్రం వ్యాసార్థం 2.5 మి.మీ. కన్నా తక్కువ ఉండకూడదంటారు. మీ తరగతిలో అంత కచ్చితంగా అడగకపోయినా పాటించండి. బోల్టు చివరలకు టోపీలు పెట్టడం మర్చిపోతే పరీక్ష అక్కడే ఆగిపోతుంది.

సీటు బెల్టు బోల్టు 7/16 అంగుళాల యూఎన్ఎఫ్ (సన్నని మర) రకం, కార్లలో వాడేదే. దాన్ని పలుచని రేకుకు కాదు, ఫ్రేమ్‌కు వెల్డింగ్ చేసిన మందపాటి ప్లేటుకు బిగించాలి. రోల్ బార్ కూర్చున్న మనిషి తల కన్నా కనీసం 5 సెంటీమీటర్లు ఎత్తుగా, వెనక ఊతాలతో ఉండాలి. తెరిచి ఉన్న బండి మోటార్ సైకిల్ తరగతిలోకి వస్తే చాలా చోట్ల హెల్మెట్ కూడా తప్పనిసరి, అప్పుడు ఎత్తును హెల్మెట్‌తో కొలవండి. పెట్రోల్ ట్యాంకు సైలెన్సర్‌కు దూరంగా, ఫ్రేమ్ లోపలే ఉండాలి.

10. తూకం, తర్వాత నెమ్మదిగా మైదానంలోకి

బండి నిలబడ్డాక కాగితం లెక్కను నిజం చేసి చూడాలి. మూడు చక్రాల కింద మూడు తూకాలు పెట్టి, డ్రైవర్‌ను కూర్చోబెట్టి చూడండి. వెనక చక్రం బరువును వీల్‌బేస్‌తో గుణించి మొత్తం బరువుతో భాగిస్తే, గురుత్వ కేంద్రం ముందు ఇరుసు నుంచి ఎంత దూరమో తెలుస్తుంది.

ఎత్తు కొలవడానికి షాక్ అబ్జార్బర్లను కదలకుండా కర్రలతో బంధించి, వెనక చక్రాన్ని పైకి లేపండి. 2.2 మీటర్ల వీల్‌బేస్‌కు 57 సెంటీమీటర్లు లేపితే 15 డిగ్రీల వాలు వస్తుంది. ముందు తూకాల్లో పెరిగిన బరువును వీల్‌బేస్‌తో గుణించి, మొత్తం బరువును వాలు టాంజెంట్‌తో గుణించిన విలువతో భాగించండి. 420 కిలోల బండిలో ముందు 9 కిలోలు పెరిగితే 0.176 మీటర్లు వస్తుంది. దానికి చక్రం వ్యాసార్థం, 0.29 మీటర్లు అనుకుంటే, కలపండి. గురుత్వ కేంద్రం నేల నుంచి 0.466 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ తూకం ఒక కిలో తప్పితే ఎత్తు దాదాపు 2 సెంటీమీటర్లు తప్పుతుంది, కాబట్టి మంచి తూకం అద్దెకు తెచ్చుకోండి, కొలత మూడుసార్లు తీయండి.

రోడ్డు మీదికి కాదు, ముందు మూసి ఉన్న మైదానంలోకి. మొదట బ్రేకులు, నడక వేగంలో. తర్వాత వృత్తం. 15 మీటర్ల వ్యాసార్థంతో గీత గీసి దాని మీద తిరుగుతూ వేగాన్ని కొంచెం కొంచెంగా పెంచండి. గంటకు 36 కిలోమీటర్ల దగ్గర పక్క తోపు 0.68 రెట్లకు చేరుతుంది. ఈ పరీక్షకు రెండు పక్కలా చిన్న చక్రాలతో ఊతకర్రలు బిగించడం, హెల్మెట్, బెల్టు వేసుకోవడం, సాయానికి మైదానంలో ఇంకో మనిషి ఉండటం తప్పనిసరి. లోపలి చక్రం లేవకముందే ముందు టైర్లు కూతపెట్టి జారడం మొదలవ్వాలి. చక్రమే ముందు లేస్తే ఇక పరీక్ష ఆపి, బండిని మళ్లీ లెక్కల బల్ల మీదికి తీసుకెళ్లాలి.

ప్రతి బోల్టు మీదా బిగించాక పెయింటుతో చిన్న గీత గీయండి. మొదటి కొన్ని పరుగుల తర్వాత గీత జరిగిన బోల్టు ఏదో కంటికే తెలుస్తుంది. స్టీరింగ్, సస్పెన్షన్ చోట్ల నైలాక్ నట్టు (లోపలి నైలాన్ రింగుతో వదులు కానిది) గానీ, స్ప్లిట్ పిన్ ఉన్న కాసిల్ నట్టు (పిన్ను దూర్చే గాళ్లున్నది) గానీ లేకుండా ఏదీ వదలొద్దు.

11. ఫైలు, తనిఖీ, నంబరు

మొదటి రోజు నుంచి ఒక ఫైలు పెంచండి. గీతలు, బరువు పట్టిక, ప్రతి భాగం రసీదు, పాత బండి పత్రాలు, వెల్డింగ్ ఫొటోలు, తూకం చీటీలు అందులో ఉండాలి. తనిఖీ అధికారి ఎదుట ఈ ఫైలు సగం మాట్లాడుతుంది. ఏ ప్రశ్నకైనా కాగితం తీసి చూపించగలిగినవాడి బండిని చూసే చూపు వేరుగా ఉంటుంది.

సాధారణంగా వరుస ఇలా ఉంటుంది. దరఖాస్తు, గుర్తింపు తనిఖీ, సాంకేతిక పరీక్ష, సర్టిఫికెట్, ఇన్సూరెన్స్, నమోదు. బండికి సొంత ఛాసిస్ నంబర్ ఉండదు కాబట్టి నమోదు అధికారులు ఇచ్చిన నంబరును ఫ్రేమ్ మీద కొట్టాలి. మీకు మీరే నంబర్ తయారు చేసుకోవడం నేరం. బ్రిటన్‌లో భాగాల వయసు నిరూపించలేకపోతే నంబర్ ప్లేటు క్యూ అక్షరంతో వస్తుంది. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి అధికారి బండిని, రసీదులను చూశాకే కొత్త నంబరు ఇస్తారు.

పరీక్షకు బండిని నడుపుకుంటూ వెళ్లొచ్చా అన్నది ముందే అడగండి. అనుమతి లేకపోతే ట్రక్కు మీద వేసుకుని వెళ్లాలి. ఫెయిల్ అయితే టెన్షన్ పడకండి. లోపాలన్నీ రాసి ఇమ్మని అడిగి తీసుకోండి, ఆ జాబితా ప్రకారం సరిచేసి, ప్రతి సవరణనూ ఫొటో తీసి ఫైలులో చేర్చి మళ్లీ వెళ్లండి. సాధారణంగా ఆగేది పదునైన అంచు, లైటు ఎత్తు, కట్టని వైరు, వదులుగా ఉన్న బ్రేకు పైపు లాంటి చిన్న వాటి దగ్గరే.

నంబరు వచ్చాక ఇంజన్, బ్రేకులు, చక్రాల సైజు, సీట్ల సంఖ్య మార్చాలంటే నమోదు అధికారికీ ఇన్సూరెన్స్ కంపెనీకీ ముందు చెప్పాలి. చెప్పకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే క్లెయిమ్ నిలవదు. మొదటి 1,000 కిలోమీటర్లు పూర్తయ్యే దాకా ప్రతి ప్రయాణం తర్వాతా బోల్టుల గీతలు, బ్రేకు పైపులు, వెనక చక్రం బేరింగులు చూస్తూ ఉండండి. ఆ తర్వాత నెలకోసారి చూస్తే సరిపోతుంది.